గుమ్మానికి లోపలివైపు

సుద్ద పూసిన దారాన్ని గుమ్మం పైన అడ్డంగా బిగించి, మధ్యలో వేలితో లాగి వదిలాడు. ఆకుపచ్చ గోడ మీద తెల్లటి గీత పడింది. పెయింటరు నిచ్చెన మీదే తల పక్కకు వంచి ఆ గీతను చూశాడు. తను వేసిన గీతనైనా సరే, రెండోసారి చూసిగాని నమ్మడు.

నయం కాదని తేలినవాళ్ళను ఉంచే ఆసుపత్రి అది. ప్రతి గుమ్మం మీదా హీబ్రూ బైబిల్లోని దేవుడి పేరు ఒకటి, దాని కింద అర్థం రాయాలని పెద్దనర్సు పురమాయించింది. వంటగది మీద యెహోవా యీరే, సమకూర్చేవాడు. మగవాళ్ళ వార్డు మీద ఎల్ షద్దాయ్, సర్వశక్తిమంతుడు. ఆ రెండూ అయిపోయాయి. రాస్తున్నంతసేపూ అతణ్ణి ఒకటే అనుమానం తొలిచింది. ఒక్కడికి ఇన్ని పేర్లెందుకు?

అతను చూసినంతలో, పేరు మార్చి బోర్డు రాయించినవాడెవడూ తిన్నగా ఉన్నవాడు కాడు. పుచ్చు సరుకు అమ్మి పట్టుబడ్డ కొట్టువాడు రాయించాడు. భాగస్తుడి నెత్తిన టోపీ పెట్టినవాడు రాయించాడు. పాత పేరు మీద ఎన్ని పూతలు పూసినా, ఎండ వాలుగా పడితే ఆ అక్షరాలు ఉబ్బెత్తుగా బయటపడేవి. అప్పటినుంచీ మెరిసే బోర్డు కనబడితే చాలు, దాని కింద ఏముందో అని కళ్ళు చిట్లించి చూస్తాడు.

ఇప్పుడు నిచ్చెన వేసింది అతని అక్క మంచాన పడి ఉన్న గదికి. దీనికి రాయమన్నది యెహోవా రాఫా. స్వస్థపరచేవాడు.

అక్క ఈ ఆసుపత్రిలోనే దుప్పట్లు ఉతికింది. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి ఇక్కడ పనిలో చేరింది. బట్టల సోడా నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ చివర్లు గాజులా నున్నబడ్డాయి. ఆ వేళ్ళతోనే అతని చెయ్యి పట్టుకుని బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. ప్రార్థన గదిలో వెనక వరుసన కూర్చుని విన్న పేర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఇప్పుడు ఆ నోట్లోకి నీటి చుక్కలు తప్ప ఏమీ దిగడం లేదు.

బ్రష్షు రంగులో ముంచకుండానే నిచ్చెన దిగి లోపలికి వెళ్ళాడు.

“ఆగిపోయావేంరా చిన్నోడా?”

“రాయబుద్ధి కావట్లేదు.”

“ఏం పేరు?”

చెప్పాడు. అక్క పెదవులు కొంచెం సాగాయి.

“బాగుచేసేవాడా? ఈ గదిలోనా? పాపం, ఆయన్నెందుకురా ఇరికించడం.”

“నవ్వకు. అబద్ధపు బోర్డులు చాలా రాశాను. నీ నెత్తి మీద రాయలేను.” స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఇన్ని పేర్లతో తిరిగేవాడంటే నాకు అనుమానమే అక్కా.”

“అన్నీ ఆయన పెట్టుకున్నవి కాదు. కొన్ని జనం పెట్టినవి. నేను చిన్నోడా అంటాను, నీ పెళ్ళాం ఏమండీ అంటుంది. అంతమాత్రాన నువ్వు దొంగవా?”

“నా సంగతి నీకు తెలుసు. ఆయన సంగతి ఎవరికి తెలుసు?”

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

“హాగరని ఒక పనిమనిషి. కడుపుతో ఉంది. యజమానురాలు పెట్టే బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. అక్కడ దేవుడు పలకరించాడు. అప్పుడు ఆవిడే ఆయనకు పేరు పెట్టింది. ఎల్ రోయీ. నన్ను చూసే దేవుడు.”

“చూసి ఏం చేశాడట?”

“మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళమన్నాడు.”

“ఆ యజమానురాలి దగ్గరికేనా?”

“ఆవిడ దగ్గరికే.”

“అదీ సంగతి” అన్నాడు, జేబుదొంగ చెయ్యి పట్టుకున్నవాడిలా.

“అందుకేరా నాకా పేరంటే నమ్మకం. మేలు జరిగాక పెడితే మొహమాటానికి పెట్టిందనుకోవచ్చు. కొడుకు పుడతాడని మాట ఇచ్చాడనుకో, మాటే కదా. చేతిలో పడిందేమీ లేదు. అయినా పెట్టింది.” కళ్ళు మూసుకుంది. “అది రాయి.”

అతనికి ఇప్పుడు అక్క మీదే అనుమానం వచ్చింది. చిన్నప్పుడు, తనకు ఆకలి లేదంటూ పళ్ళెం ఇటు తోసినప్పుడు కూడా ఆమె గొంతు ఇలాగే ఉండేది.

“నిజంగా నమ్ముతున్నావా, నా కోసం అంటున్నావా?”

“ముందు రాయి. తర్వాత చెప్తాలే.”

నిచ్చెన లోపలికి తెచ్చుకుని, గుమ్మం పైన లోపలివైపు కొత్త గీత కొట్టాడు. అటుగా వచ్చిన పెద్దనర్సు ఆగింది.

“పెయింటరు గారూ, బయటివైపు కదా రాయమన్నది?”

“పడుకునేవాళ్ళు లోపల ఉన్నారమ్మా.”

“పేరు కూడా వేరేదిలా ఉందే.”

“వేరేదే.”

ఆమె మంచం వైపు చూసి, తల ఊపింది.

మంచం తలాపు గుమ్మం వైపు ఉంది. అలా పడుకుంటే ఈ గోడ కనబడదు. రాయడం అయ్యాక మంచం తిప్పుదామనుకున్నాడు. బ్రష్షు ఆనించాక అక్షరం పూర్తయ్యేదాకా వెనక్కి తిరగడు. చూపు చెదిరితే గీత వణుకుతుంది. వీపు వెనక నర్సు చెప్పుల చప్పుడు, దుప్పటి గరగర, అక్క ఏదో అనడం వినబడ్డాయి. తర్వాత గది నిశ్శబ్దంగా ఉంది. పేరు రాశాడు. కింద అర్థం రాశాడు. తడి అక్షరాల్లో కిటికీ వెలుగు మెరిసింది.

“అయిపోయింది అక్కా. ఇప్పుడు చెప్పు” అన్నాడు గోడ వైపు తిరిగే.

 కాసేపటికి నర్సు మెల్లగా, “దిగండి” అంది.

అక్క శరీరాన్ని తీసుకువెళ్ళేవాళ్ళు వచ్చి తీసుకువెళ్ళారు. నర్సు వాకిట్లో నిలబడింది.

“మీరు రాయడం మొదలుపెట్టగానే మీ అక్క నన్ను పిలిచారు. తల అటు, కాళ్ళు గుమ్మం వైపు తిప్పించుకున్నారు. మీకు చెప్పొద్దన్నారు, చెయ్యి ఆపేస్తారని.”

“ఎంతవరకు చదివింది?”

“తెలీదండీ. నేను చూసినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి.”

అతను గోడ వైపు చూడలేదు. దుప్పటి తీసేసిన మంచం మీద, కాళ్ళుండే వైపు, దిండు ఒక్కటే మిగిలింది. దాని మధ్యలో తల ఆనిన గుంట ఇంకా పూడలేదు.