దొడ్డిలో కూర్చున్నవాళ్ళు

మిక్ భుజంలో నరం తెగిన చప్పుడు పక్కనే ఉన్న క్రిస్‌కి వినబడింది. ముప్పైమూడేళ్ళ మనిషి మోకాళ్ళ మీద కూలబడి, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, కేక బయటికి రాకుండా పళ్ళు బిగించాడు.

1990 డిసెంబరు. మెల్‌బోర్న్‌లో బేస్‌బాల్ డబ్బుకి ఆడే ఆటగా మారి అది రెండో ఏడు. ఆట మొదట్నుంచీ బంతులు విసిరేవాడు స్టార్టర్. అతని చెయ్యి అలిసిపోతే వచ్చి ఆదుకునేవాడు రిలీవర్. స్టార్టర్‌కి సీజనంతా జీతం. రిలీవర్‌కి మాత్రం పిలుపొచ్చి మైదానంలో దిగిన రోజే కూలి. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కనక ఆటకి మూడు నాలుగుసార్లు లేచి, కంచె వెనక బంతులు విసురుతూ చెయ్యి వేడిగా ఉంచుకోవాలి. పిలవకపోతే అవి విసరనట్టే. కంచె వెనక ఉన్న ఆ జాగాకి బుల్‌పెన్ అని పేరు. ఎద్దుల దొడ్డి. పేరు పెట్టినవాడు అబద్ధమాడలేదు.

వీళ్ళు ఆడే హెరాన్స్ క్లబ్బు యజమాని బ్రాక్‌మన్ పాత కార్ల వ్యాపారి. మనుషుల్ని కూడా టైర్లు తన్ని చూసే కొంటాడు. బీరు గ్లాసు పట్టుకుని దొడ్డిదాకా నడిచొచ్చాడు.

"మైదానంలో పడ్డాడా?"

"కాదు. ఇక్కడే, చెయ్యి వేడి చేసుకుంటూ," అన్నాడు క్రిస్.

"అయితే ఆటలో దెబ్బ కాదు. వైద్యంతో క్లబ్బుకి సంబంధం లేదు." మూతికంటిన నురుగు తుడుచుకున్నాడు. "కూర్చుని గింజలు నమిలే జాతి మీది. కూర్చున్నందుకు కూడా డబ్బులివ్వాలా?"

మిగిలిన నలుగురు రిలీవర్లూ తలలు దించుకున్నారు. వాళ్ళలో క్రిస్ కూడా ఒకడు. ఆ సిగ్గే అతన్ని క్లేటన్‌లోని ఇంటిదాకా తరిమింది.

వాళ్ళమ్మ జ్ఞానకుమారి ఆస్పత్రిలో నర్సు. అప్పటికి పదేళ్ళవాడైన క్రిస్‌ని వెంటబెట్టుకుని బాపట్ల నుంచి వచ్చిన మనిషి. డ్యూటీకి బూట్లు తుడుచుకుంటూ అంతా విన్నది.

"మరి నువ్వేం అన్నావురా?"

"ఏం అంటానమ్మా? కాంట్రాక్టులో అట్లానే ఉంది."

"రాసిందెవుడు? వాడేగా! ఎయిటీ సిక్స్‌లో మాకూ చెప్పార్రా, నర్సులు వార్డులొదిలితే జనం మొహాన ఉమ్మేస్తారని. యాభై రోజులు సమ్మె చేసి గేటు ముందు పికెట్‌లో నిలబడ్డా. ఎవురూ ఉమ్మలా. టీలు తెచ్చిచ్చారు." బూటు కింద పెట్టింది. "షిఫ్టంతా పేషెంటుకి ఏం కాలేదనుకో, నేను పని చెయ్యనట్టా? కాచుకోనుండటం పని కాదూ?"

"వేరేవాళ్ళని తెచ్చుకుంటాడమ్మా."

"నువ్వొక్కడివే అడిగితే తెచ్చుకుంటాడు. అందరూ కలిస్తే ఎక్కణ్ణించి తెస్తాడంట, వాడి కార్ల షెడ్డులోంచా?"

గురువారం ప్రాక్టీసు అయ్యాక డ్రెస్సింగ్‌రూంలో బంతులు విసిరే పిచర్లందరూ కూర్చున్నారు. మిక్ చెయ్యి మెడకి కట్టుకుని వచ్చాడు. అమెరికా నుంచి తెచ్చిన స్టార్టర్ డేల్ మొదటే ఎగిరిపడ్డాడు.

"నాకేం సంబంధం? బాగా విసిరితే మీరూ స్టార్టర్లవుతారు. చేతగాక గొడవ."

"పోయినేడు స్టార్టర్ని నేనే," అన్నాడు మిక్ నెమ్మదిగా. "భుజం జోరు కాస్త తగ్గగానే దొడ్డిలోకి తోలాడు. నీ భుజం ఇనుముతో చేశారా?"

డేల్ సంచీ తగిలించుకుని బయటికి పోయాడు. మిగిలినవాళ్ళు గంటసేపు అరుచుకుని, కాగితం మీద రెండే కోరికలు రాశారు. పిలిచినా పిలవకపోయినా యూనిఫాం వేసుకున్న ప్రతి ఆటకీ కూలి. దెబ్బ కంచెకి ఏ పక్కన తగిలినా వైద్యం. బ్రాక్‌మన్ ఆ కాగితం చదవను కూడా లేదు. మడిచి బీరు గ్లాసు కింద పెట్టుకున్నాడు.

శనివారం ఆట సగం దాటేసరికి డేల్ చెయ్యి అలిసిపోయింది. రిలీవర్‌ని పంపమని బుల్‌పెన్ ఫోన్ మోగింది. క్రిస్ ఎత్తాడు.

"ఎవరూ రారు. కూర్చున్నాం," అని పెట్టేశాడు. పక్కన ముగ్గురూ కదల్లేదు.

బ్రాక్‌మన్ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. కార్లమ్మే నవ్వు మొహం మీదినుంచి రాలిపోయింది.

"లేవండ్రా! అన్నం పెట్టిన చేతినే కరుస్తారా?"

"అన్నం పెట్టింది మా చేతులు," అన్నాడు క్రిస్. "నీ చేతిలో ఎప్పుడూ గ్లాసే చూశాం."

"నీకు ఉద్యోగం లేదు! పో బయటికి!"

క్రిస్ కదల్లేదు. బ్రాక్‌మన్ పిలిపిస్తే పోలీసులు ఇద్దరొచ్చారు. చెరో రెక్కా పట్టుకుని కంచె వెంబడే నడిపించారు. జనం మొదట గోల చేశారు. తర్వాత ఎందుకో అది సద్దుమణిగింది.

అటు డేల్‌ని ఇంకా విసరమంటున్నారు. రెండు బంతులు విసిరాడు. మూడోదానికి చెయ్యి లేవలేదు. బంతిని నేలమీద పెట్టి, బ్రాక్‌మన్ తిట్లని దాటుకుంటూ నడిచి, దొడ్డిలోకి వచ్చి క్రిస్ లేచిన చోట కూర్చున్నాడు. కాసేపటికి ఆ రోజు వంతు లేని మిగతా స్టార్టర్లిద్దరూ వచ్చారు. బెంచీ చాలక నేలమీదే కూర్చున్నారు. బంతి విసిరే మనిషి లేక అంపైరు గెలుపు అవతలి జట్టుకి రాసేశాడు.

పొమ్మన్నా పోనందుకు కోర్టు తేదీ వేసిన కాగితంతో క్రిస్ ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. సోమవారం ఫోన్ మోగింది. వాళ్ళమ్మ ఎత్తింది.

"ఒరేయ్, సిడ్నీ నుంచంట. ఎవరో రిలీవరంట."

అవతలి గొంతు కుర్రది, భయంభయంగా ఉంది. "మీ సంగతి పేపర్లో చదివాం. మా బుల్‌పెన్‌లో ఐదుగురం ఉన్నాం. మీరెలా చేశారో చెప్తావా?"

క్రిస్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ముందు ఆ నలుగుర్నీ ఫోన్ దగ్గరికి పిలువు," అన్నాడు. "అందరికీ ఒకేసారి చెప్తా."