ఆరువందల పన్నెండో బిళ్ళ

అంతోనయ్య కథల గురించి ఎవరైనా ఒక్క మాట చెడుగా అంటే నేను ఊరుకోను. అనే హక్కు ఈ భూమ్మీద నాకొక్కదానికే ఉంది. ఆయన నలభై ఐదేళ్ళలో రాసిన నలభై ఒక్క కథలూ అక్షరం అక్షరం టైపు చేసింది నేను. మూడేళ్ళు పట్టింది.

నా పేరు అంజుమ్. ఇల్లందులో మాది బైండింగ్ దుకాణం. మా నాన్న ఖయ్యూం గని ఆఫీసు రిజిస్టర్లు కుట్టేవాడు. నేను కుట్టడంతో పాటు డీటీపీ కూడా చేస్తాను. పెళ్ళి కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, స్కూలు డైరీలు, ఏవి వస్తే అవి. వాటి మధ్య దొరికిన ఖాళీలో అంతోనయ్య కథలు.

అంతోనయ్య ముప్పై నాలుగేళ్ళు గని ల్యాంపురూంలో, దిగేవాళ్ళకు తలదీపాలు ఇచ్చే గదిలో, పనిచేశాడు. రిటైరై టేకులపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన రాసేవి మన పక్కింట్లో జరిగే సంగతులు కావు. ఎన్నడూ జరగనివి, ఇంకా జరగబోయేవి. 'కార్మికుడి కష్టాలు రాయక గీ దయ్యాల ముచ్చట్లు ఏంది' అని సంఘం నాయకులు అడిగితే, 'వాని కష్టాలు వానికి తెల్వదా, నేను చెప్పాల్నా' అన్నాడట. ఒకసారి ఒక పత్రిక ఎడిటర్ ఆయన కథకు సుఖాంతం తగిలించి వేశాడు. అంతోనయ్య బస్టాండు దుకాణానికి వెళ్ళి, ఉన్న పదకొండు ప్రతులూ తీసుకుని, ప్రతి దాంట్లో చివరి పేరా కొట్టేసి, తన ముగింపు పెన్నుతో రాసి, మళ్ళీ అదే దుకాణంలో పెట్టి అమ్మించాడు. అందులో ఒకటి మా నాన్న కొన్నాడు. దాన్ని అట్టవేసి దాచాడు. నేను చదివిన మొదటి కథ అదే.

ఆ కథ పేరు 'నాలుగో షిఫ్టు'. గనికి ఉన్నవి మూడు షిఫ్టులు. ఒకనాడు సైరన్ నాలుగోసారి మోగుతుంది. ఆ షిఫ్టుకు దిగినవాడు ఎనిమిది గంటలు పనిచేసి పైకి వచ్చేసరికి బయట ముప్పై ఏళ్ళు గడిచిపోతాయి. పత్రికవాడు ఏం చేశాడంటే, అతన్ని నేరుగా ఇంటికి పంపి, ముసలిదైన భార్యతో కౌగిలింతలు పెట్టించాడు. అంతోనయ్య ముగింపులో అతను ఇంటికి పోడు. పంపు దగ్గర కూర్చుని స్నానం మొదలుపెడతాడు. మసి వదలదు. నీళ్ళు నల్లగా పారుతూనే ఉంటాయి. భార్య తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటుంది. తొమ్మిదో ఏట అది చదివి నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇంకో కథలో తునికాకు ప్రతి మాటనూ దాచుకుంటుంది. బీడీ వెలిగించిన వాడికి ఆ ఆకు కోసినవాళ్ళ గొంతులు వినిపిస్తాయి. ఆకు కోసేవాళ్ళు ముచ్చట్లు చెప్పుకోలేదు, ఎండను, ముళ్ళను, కాంట్రాక్టరును బూతులు తిడుతూ కోశారు. అందుకని హైదరాబాదులో ఒక పెద్దమనిషి దర్జాగా బీడీ ముట్టించుకుంటే తిట్ల వర్షం. మరో కథలో కరెంటుకు రోషం వస్తుంది. బొగ్గు తవ్వినవాడి పేరు తెలియని ఇంట్లో బల్బు వెలగదు. పాల్వంచ ప్లాంటు నుంచి కరెంటు అందే ప్రతి ఊళ్ళో జనం లాంతరు పట్టుకుని పేర్లు కనుక్కోవడానికి ఇల్లందు బస్సెక్కుతారు. ఇట్లాంటివి రాసిన మనిషికి ఒక్క పుస్తకం లేదు. నాకు కడుపు మండింది. అందుకే ఈ పని నెత్తినేసుకున్నాను.

ఆయన భార్య జోజమ్మ కార్బన్ కాపీలన్నీ ట్రంకు పెట్టెలో దాచి ఉంచింది. పెట్టె తెరిస్తే నీలం అక్షరాలు సగం మాసిపోయి ఉన్నాయి. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే అవీ ఉండేవి కావు. పుస్తకానికి 'నాలుగో షిఫ్టు' అనే పేరు పెట్టాం. ఖమ్మంలో ప్రెస్సువాళ్ళతో మాట్లాడాను. సోమవారం ప్లేట్లు వేస్తామన్నారు. శనివారం పొద్దున్నే ఫైనల్ ప్రూఫులు పట్టుకుని స్కూటీ మీద టేకులపల్లి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, శభాష్ అనిపించుకుందామనే వెళ్ళాను. ప్రూఫుల ముందు నేను రాసిన పద్నాలుగు పేజీల ముందుమాట ఉంది మరి.

అంతోనయ్య వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళు. మనిషి చిక్కిపోయాడు కానీ గొంతు మాత్రం గని మూతి దగ్గర పిలిచినట్టే ఉంటుంది. భూతద్దం పెట్టుకుని మొదటి కథ చివరి పేజీ చూశాడు. రెండో కథ చివరి పేజీ చూశాడు. మూడోది చూశాడు. కథ చదవడం లేదు, చివరి పేజీలే చూస్తున్నాడు.

"నంబర్లు ఏవి?" అన్నాడు.

"ఏం నంబర్లు, చాచా?"

"ప్రతి కథ కింద ఎర్ర పెన్సిల్‌తోటి నంబరేసి ఉంటది. ఏమైనయ్?"

అప్పుడు గుర్తొచ్చింది. దాదాపు ప్రతి కార్బన్ కాపీ చివర అడుగున ఒక అంకె ఉండేది. 214, 38, 407, అట్లా. మా దుకాణంలో పేజీ అడుగున అంకె కనిపించిందంటే అది ఫారం నంబరే. కాగితాల కట్టలు వరుస తప్పకుండా కుట్టడానికి వేసుకునే గుర్తు. కుట్టు అయ్యాక దాంతో పనిలేదు, అంచులు కోసేటప్పుడు కత్తి కింద పోతుంది. ఇరవై రెండేళ్ళుగా వాటిని కోస్తున్న చెయ్యి నాది. అవేమిటని ఆగి అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

"ఫారం నంబర్లనుకున్న. తీసేసిన," అన్నాను.

"ఫారం నంబర్లా?" ఆయన కుర్చీలోంచి లేచాడు. "నలభై మందిని కోసేసినవ్ గదే! అవి బిళ్ళ నంబర్లు!"

గనిలో బిళ్ళ సంగతి నాకు తెలియంది కాదు. ఇల్లందులో పుట్టినవాళ్ళకు ఎవరు చెప్పాలి? దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. అది ల్యాంపురూంలో ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు. బిళ్ళ బోర్డు మీద వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. కానీ అది కథల కిందికి ఎందుకు వచ్చింది?

జోజమ్మ చాయ్ తెచ్చి, ఆయన్ను కూర్చోబెట్టి, నాతో చెప్పింది. "ఈయన కథలన్నీ ఫస్ట్ దీపాల కోసం లైన్ల నిలబడ్డోళ్ళకే చెప్పేది, బిడ్డా. దీపాలు అందుకుంట వినేటోళ్ళు. గట్ల కాదు, గిట్ల అని కొట్లాడేటోళ్ళు. ఎవరు కొట్లాడి గెలిస్తె వాని నంబరు కథ కింద వేసుకునేటోడు."

"పత్రికలోళ్ళకు ఒక్క కామా మార్చనియ్యలే నేను," అన్నాడు అంతోనయ్య. "మార్చే హక్కు వీళ్ళకే ఇచ్చిన. రెండు వందల పద్నాలుగు ఎవరనుకున్నవ్? మంగీలాల్. ట్రామర్, బొగ్గు బండ్లు తోసేటోడు. 'నాలుగో షిఫ్టు' నేను ముందు ఎట్ల రాసిన్నో తెల్సా? పత్రికోడు రాసినట్లే. సీదా ఇంటికి పోయి పెండ్లాన్ని పట్టుకుంటడు. మంగీలాల్ నవ్విండు. 'మసి మొకంతోని పోతే నా పెండ్లం గడప తొక్కనియ్యది. ముందుగాల తానం చెయ్యాలె' అన్నడు. దీపం తీసుకొని దిగిపోయిండు. నేను ఆ పూట అన్నం తినలే."

నా చిన్నప్పటి రెండు రోజుల పస్తు మంగీలాల్ అనే ట్రామర్ వల్ల వచ్చిందన్నమాట. ఆ తర్వాత ఆయన ఆగలేదు. ముప్పై ఎనిమిది: వాళ్ళమ్మ తునికాకు కోసేది, ఆకు కోసేటోళ్ళు ముచ్చట్లు పెట్టరు, తిడతరు అన్నాడు. నాలుగు వందల ఏడు: కరెంటు కథలో పేర్లు ఉత్తరం రాసి అడగరు, బస్సెక్కి రావాలె, తిప్పలు పడాలె అన్నాడు. నంబరు, పేరు, అతను అన్న మాట. నలభై మందీ ఆయన నోట్లో ఉన్నారు. నేను ప్రూఫుల వెనక రాసుకుంటూ పోయాను. నాకు సిగ్గేసింది. పద్నాలుగు పేజీల్లో నేను మెచ్చుకున్న ప్రతి చోటా ఎవరో ఒకరి వేలు ఉంది. నాకది తెలియనే తెలియదు.

"ఇయ్యాల్నే నంబర్లన్నీ పెట్టేస్త, చాచా. సోమవారం ప్రెస్సుకు పోతది," అన్నాను.

"పోదు," అన్నాడు. "నలభై ఒకటో దానికి నంబరు లేదు."

నిజమే. చివరి కథ 'ఆఖరి బిళ్ళ' రెండేళ్ళ కిందటిది. అప్పటికి గని మూతబడి చాలా కాలమైంది. లైనూ లేదు, లైనులో నిలబడేవాళ్ళూ లేరు.

"కొట్లాడే మనిషి దొరకలే. కొట్లాడని కథ పచ్చిది. పచ్చిది అచ్చు కాదు."

"అయితే నలభై కథలే వేద్దాం."

"ఆఖరుది లేకుంటే ఏదీ వద్దు. కాగితాలు వాపస్ ఇచ్చెయ్."

జోజమ్మ నా వైపు చూసింది. ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. ఈ పుస్తకం ఇప్పుడు ఆగితే మళ్ళీ ఎవరూ వేయరు. ఆ ట్రంకు పెట్టెలో నీలం అక్షరాలు మాసిపోతాయి, దాంతో సరి. నా మూడేళ్ళ కష్టం సంగతి పోనీ. ఈ మనిషి మొండితనం నాకు తెలుసు. వాపస్ అంటే వాపసే.

ఆయన నా ముందుమాట చేతికి తీసుకుని భూతద్దం కింద పెట్టాడు. "'ఆఖరి బిళ్ళ అంతోనయ్య సాహిత్యానికి శిఖరం'," అని చదివి, కాగితం మీంచి నన్ను చూశాడు. "శిఖరమా? జిందగీ అంతా గని మీద బతికినోనికి శిఖరం ఏందే?"

నా మొహం మాడిపోయింది. కోపం కూడా వచ్చింది. ఎందుకంటే ఆ వాక్యం అబద్ధమని నాకు తెలుసు. ఆ కథ టైపు చేసిన రోజే నాకు ఎక్కడో గుచ్చుకుంది. మూతబడ్డ గని. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలిపోతుంది. ల్యాంపురూం మనిషి దాని ఎదురుగా కూర్చుని ఎదురుచూస్తాడు. గని చుట్టూ అడవి పెరుగుతుంది, ఊరు పోతుంది, భాష మారుతుంది, అతను మాత్రం దీపం తుడుస్తూ కూర్చునే ఉంటాడు. చదివిన వాళ్ళు ఏడుస్తారు. నేనూ ఏడ్చాను. ఏడుపు వచ్చింది కదా, గొప్ప కథే అయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుని శిఖరం అని రాసేశాను.

"చాచా, ఒకటి అడుగుత," అన్నాను. "షిఫ్టు అయిపోయినంక బోర్డు మీద బిళ్ళ మిగిలితే మీరు ఏం చేసేది?"

"షిఫ్టు చూసుకునే ఓవర్‌మన్‌కు చెప్పేది. మనుషులను తీసుకొని లోపలికి ఎతకనీకి పోయేది. ఏం?"

"కూసునేది కాదా?"

ఆయన భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"బిళ్ళ బోర్డు మీదుంటే ఎవ్వరూ కూసోరు గదా? మరి నీ కథల వాడు వెయ్యేండ్లు ఎట్ల కూసున్నడు? దీపం తుడుసుకుంట కూసునుడు ఎందుకు? చేతిల దీపమే ఉంది, దిగొచ్చు గదా. వాడు ల్యాంపురూం మనిషి కాదు చాచా. మనం పాపం అనాలని కూసున్నోడు. నీ కథలల్ల ఎవ్వడూ గట్ల అడుక్కోలే."

డెబ్బై ఆరేళ్ళ మనిషిని, నేను నెత్తిన పెట్టుకున్న మనిషిని, అడుక్కున్నావు అన్నాను. జోజమ్మ చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. అంతోనయ్య ముఖం ఎర్రబడింది. "నీకేం ఎరుక గని సంగతి? నువ్వు దిగినవా ఎప్పుడన్నా?" అని అరిచాడు.

"దిగలే. నువ్వు చెప్తేనే ఎరుక. నువ్వు చెప్పిన మాట నువ్వే మరిచినవ్," అన్నాను నేనూ గొంతు పెంచి. తప్పో ఒప్పో, అప్పటికే నోరు లేచింది.

ఆయన వాకిటి వైపు తిరిగి కూర్చున్నాడు. రోడ్డు మీద కొత్తగూడెం బస్సు పోయింది. తర్వాత కళ్ళు మూసుకుని, మామూలు గొంతుతో, "రాసుకో," అన్నాడు.

ప్రూఫు వెనక్కి తిప్పి రాసుకున్నాను. ల్యాంపురూం మనిషి మొదటి రోజే లేస్తాడు. తన సొంత బిళ్ళ ఆ బిళ్ళ పక్కన వేలాడదీసి, దీపం పెట్టుకుని దిగిపోతాడు. ఇప్పుడు బోర్డు మీద రెండు బిళ్ళలు. సాయంత్రానికి ఆ రెండూ చూసి దారిన పోయే, మేకలు కాసే ఆమె దిగుతుంది, తానే ఒక నంబరు ఆకు మీద గీసుకుని వేలాడదీసి. మర్నాటికి బోర్డు సగం నిండుతుంది. ఊరంతా వెతకడానికి లోపలికి పోతూ ఉండగా కథ ఆగిపోతుంది. లోపలి మనిషి దొరికాడో లేదో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. నా కళ్ళు చెమ్మగిల్లాయి, కానీ ఈసారి జాలితో కాదు. గర్వంగా ఉంది, అదే నిజం.

"గిప్పుడు అచ్చెయ్," అన్నాడు.

"నంబరు?"

"నువ్వు కొట్లాడినవ్. నీదే వెయ్యాలె."

"నాకు బిళ్ళ యాడిది, చాచా?"

"గని మూసేనాటికి ఆఖరి నంబరు ఆరువందల పదకొండు," అన్నాడు. "కొత్త మనిషి ఎక్కితే దాని తర్వాతిది ఇస్తం. నువ్వు ఆరువందల పన్నెండు." ఎర్ర పెన్సిల్ తీసి, ఆ కాగితం అడుగున తానే వేశాడు.

ఆదివారం పొద్దంతా దుకాణంలో కూర్చుని, కొత్త ముగింపు టైపు చేసి, ప్రతి కథ కిందా దాని నంబరు పెట్టాను. నా పద్నాలుగు పేజీల ముందుమాట తీసేశాను. ఆ జాగాలో నలభై నంబర్లు, నలభై పేర్లు, ఒక్కొక్కరు గెలిచిన ఒక్కో మాట పెట్టాను. అంతోనయ్య కథల మీద ఇంతకంటే మంచి మాట నేను ఈ జన్మలో రాయలేను. సోమవారం ప్లేట్లు పడ్డాయి. గురువారం అచ్చయిన కాగితాల కట్టలు మా దుకాణానికి వచ్చాయి. వాటిని కుట్టి, అంచులు కోయడానికి కత్తి ముందు పెట్టాను. 612 కింద కత్తి తగలకుండా రెండు వేళ్ళ జాగా వదిలాను.