సగం తలుపు

తలుపు కుడి సగం అద్దంలా మెరుస్తోంది. ఎడమ సగం రంపం కోసిన గరుకుతో అలాగే ఉంది. పెద్ద వడ్రంగి చిత్రిక పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది. పంపించెయ్."

తమ్ముడికి ఒళ్ళు మండింది. ఈ నెలలో ఇది మూడో తలుపు. మొదటి రెండింటికీ మిగతా సగం తనే చిత్రిక పట్టుకున్నాడు.

"మరి ఈ పక్కంతా ఎవరు చేస్తారన్నయ్యా?"

"ఏ పక్క?"

"ఎడమ పక్క. కాస్త కళ్ళు పెట్టి చూడు."

"చూశాన్లేరా. నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను. నాకు చెక్క గురించి చెప్పేటంతటి వాడివయ్యావా?"

అన్నయ్య మొహానిదీ అదే వరస. కుడి చెంప నున్నగా గీసి ఉంది, ఎడమ చెంప మీద వారం రోజుల గడ్డం. మూడు నెలల కిందట మెదడులో నరం చిట్లింది. కాళ్ళూ చేతులూ తిరిగొచ్చాయి. "కళ్ళకేం లోపం లేదు. దెబ్బ తగిలింది మెదడు కుడివైపున. ఎడమ అనేది ఒకటుందన్న ఊహే ఆయనకి రాదు" అన్నాడు డాక్టరు. తమ్ముడు తలూపాడు గానీ నమ్మలేదు. సగం లోకం ఎక్కడికి పోతుంది? బద్ధకం, కాకపోతే మొండితనం. రేపటినుంచి ఇంట్లోనే కూర్చోమని ఇవాళ చెప్పెయ్యాలనుకున్నాడు. ఉలి పట్టడం నేర్పినవాడితో ఆ మాట అనడానికి పొద్దుట్నించీ నోరు పెగలడం లేదు.

మధ్యాహ్నం వదిన ఇద్దరికీ భోజనం తెచ్చింది. పెద్దాయన పళ్ళెంలో కుడివైపుది ఊడ్చుకు తిన్నాడు. ఎడమవైపుది ముట్టనే లేదు.

"ఇంతేనా? కడుపు మాడ్చి చంపుతున్నావే."

వదిన పళ్ళెం అటుదిటు తిప్పింది.

"ఇదేదో ముందే పెట్టి ఏడవొచ్చుగా" అంటూ ఆయన మళ్ళీ తినసాగాడు.

"రోజూ ఇదేనా వదినా?"

"రెండు పూటలా. మొదట్లో నేనూ పోట్లాడాను. నోరు నొప్పి తప్ప ఏం మిగిలింది?"

ఆకలితో ఉన్న మనిషి తిండి దగ్గర మొండికెయ్యడు. తమ్ముడు పళ్ళెం పక్కన పెట్టి లేచి, ఎడమ కొస కుడికి వచ్చేలా తలుపును పనిబల్ల మీద తిప్పి పెట్టాడు.

పెద్దాయన చెయ్యి కడుక్కొచ్చి తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. మొహం చిట్లించాడు.

"ఎవడ్రా దీన్ని సగంలో వదిలేసింది?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడు మింగేశాడు.

"నేనే అన్నయ్యా."

"ఇన్నేళ్ళు నేర్పింది గోడకి నేర్పినట్టయింది. పని ఇలాగే ఉంటే నిన్నింక ఇంట్లో కూర్చోబెట్టాలి" అని గొణుగుతూ ఆయన చిత్రిక అందుకున్నాడు.