చూశాను మామయ్యగారూ

అంతరిక్ష నడక అంటారు కానీ అందులో నడక ఎక్కడా ఉండదు. కాళ్ళు వెనకాల ఊరికే వేలాడుతుంటాయి. మనిషి ఓడ బయటి కమ్మీలు ఒక్కొక్కటే పట్టుకుని, కరెంటు పోయిన గదిలో టార్చి వెతుక్కునేవాడిలా తడుముకుంటూ పోతాడు. నడుముకి రెండు తాళ్ళు, వాటి చివర రెండు కొక్కేలు. కొత్త కమ్మీకి ఒక కొక్కెం తగిలించాకే పాత కమ్మీ నుంచి రెండోది విప్పాలి. తగిలించినవాడు "పడింది" అనాలి. పక్కవాడు దాన్ని కళ్ళతో చూసి, చేత్తో లాగి, "చూశాను" అనాలి. అంతదాకా రెండోది విప్పకూడదు. నాకు జీతం ఇచ్చేది ఈ రెండు మాటలూ సరిగ్గా పలికించడానికే.

ఈసారి నా చేతికొచ్చిన జంట మా నాన్న, మా ఆయన.

సొంతవాళ్ళకి శిక్షణ ఇవ్వకూడదని మా సంస్థలో రూలు ఉంది. డైరెక్టరుగారు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. మామా అల్లుళ్ళు కలిసి ఓడ బయటికి వస్తే, కూతురు కింద నుంచి మైకులో దారి చెబుతుంటే, జనం టీవీల ముందు నుంచి లేవరట. పోస్టర్లు కూడా అచ్చయ్యాయి. వాటిలో ఇద్దరూ హెల్మెట్లు చంకలో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. మా ఇంట్లో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయనకి మామగారంటే భక్తి. ఆయన ముందు కూర్చోడు, అడిగితే తప్ప మాట్లాడడు, మాట్లాడినా నీళ్ళు నములుతాడు. ఒకసారి నాన్న కారు వెనక్కి తీస్తుంటే ఈయన వెనకాల నిలబడి దారి చూపించాడు. "రండి మామయ్యగారూ, రండి" అంటూనే ఉన్నాడు. గోడ దగ్గరపడినా, పెద్దాయన్ని "ఆపండి" అనడానికి నోరు రాలేదు. డిక్కీ సొట్టపోయింది. గోడ మరీ ముందుకి కట్టారని నాన్న అంటే, అవునండీ అని తలూపాడు.

అలాంటివాణ్ణి నాన్న కొక్కెం లాగి చూడమన్నాం.

చివరి పరీక్ష పెద్ద నీళ్ళ కొలనులో జరిగింది. ఓడ నమూనా నీళ్ళ అడుగున ఉంటుంది. సూట్లు వేసుకున్న ఇద్దరూ దాని చుట్టూ పాకుతారు. ఎవరైనా కొక్కెం సరిగ్గా పడకుండా రెండోది విప్పితే, కనిపెట్టుకుని ఉన్న డైవరు సూటు పట్టుకుని వెనక్కి లాగేస్తాడు. అంతరిక్షంలో అయితే లాగేవాడు కూడా అక్కర్లేదు, దానంతటదే పోతుంది ప్రాణం. నేను గదిలో తెరల ముందు మైకు పెట్టుకుని కూర్చున్నాను. నాన్న వయసుకి ఇదే ఆఖరి అవకాశం. ఈ పరీక్ష తప్పితే ఇక ఆయన బతుకంతా నేల మీదే.

మొదట బాగానే సాగింది. మా ఆయన "పడింది" అన్న ప్రతిసారీ నాన్న వెళ్ళి ఆ కొక్కేన్ని గుంజి గుంజి చూశాడు. "ఏం పడింది నీ మొహం, మళ్ళీ పెట్టు" అని కూడా అన్నాడు. అల్లుడు కిక్కురుమనకుండా మళ్ళీ పెట్టాడు.

తర్వాత నాన్న వంతు. "పడింది" అన్నాడు.

"చూశాను మామయ్యగారూ" అన్నాడు మా ఆయన, తల కూడా తిప్పకుండా.

తెర మీద నాకు స్పష్టంగా కనబడుతోంది. కొక్కెం తగులుకున్నది కమ్మీకి కాదు, పక్కనున్న గుడ్డ తొడుగు మడతకి. పరీక్ష కాబట్టి నేను నోరు మూసుకోవాలి. నాన్న రెండో కొక్కెం విప్పేశాడు. డైవరు వచ్చి లాగాడు, మడత జారింది. వెల్లకిలా పడ్డ బొద్దింకలా కాళ్ళూ చేతులూ ఆడిస్తూ మా నాన్న ఓడకి దూరంగా పోయాడు. ఎవరికైనా నవ్వొచ్చే దృశ్యమే. నేను పరీక్ష ఆపేయమన్నాను.

పరీక్ష తర్వాత మీటింగులో డైరెక్టరుగారు తేలిగ్గా తీసుకున్నారు. "వీపు మీద గ్యాసు జెట్ ఉంటుంది కదమ్మా. దాంతో తిరిగొచ్చేస్తారు."

"అది అన్నీ చెయ్యి దాటాక వాడేదండీ. అది ఉంది కదాని తాడు మానేస్తామా?"

ఆయన మా ఆయన వైపు తిరిగారు. "నువ్వు చూశావా బాబూ?"

మా ఆయన మామగారి వైపు ఓరగా చూశాడు. "చూశానండీ. పడే ఉంది. తర్వాత జారినట్టుంది." వెనక గోడ మీద వీడియో ఆడుతూనే ఉంది.

"అబద్ధమాడే రకం కాదు మా అల్లుడు" అన్నాడు నాన్న, ఛాతీ విరుచుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాన్నా, అతని కొక్కెం నువ్వు అన్నిసార్లు ఎందుకు గుంజావు?"

"కుర్రాడు కదే. వాడికేమన్నా అయితే నీకు నా మొహం ఎలా చూపించను?"

"మరి నీకేమన్నా అయితే అతను ఎలా చూపిస్తాడు?"

మళ్ళీ ఒక్కసారి పరీక్ష పెడతానని, అదీ తప్పితే వేరే జంట వెళ్తుందని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రం వంటింటి కిటికీ ఊచకి తాడు కొక్కెం తగిలించి, నన్ను నాన్న అనుకోమని మా ఆయనకి చెప్పాను. అతను "ఏదీ, చూపించండి" అంటే చాలు.

"మీకు ఇబ్బంది లేకపోతే ఒక్కసారి చూపిస్తారా అండీ" అన్నాడు.

"నువ్వు ఇంత మర్యాదగా అడిగేలోపు ఆయన చందమామ దాటిపోతాడు" అన్నాను. కోపం ఆగక ఇంకో మాట కూడా అనేశాను. "నీ మొహమాటం నాకు తండ్రి లేకుండా చేస్తుంది."

అతను ఊచకున్న కొక్కేన్ని ఒకసారి గట్టిగా గుంజి చూశాడు.

రెండో పరీక్షలో నాన్న ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడు. కొక్కెం కమ్మీకి చక్కగా పడింది, నాకు తెర మీద కనిపిస్తూనే ఉంది. "పడింది" అన్నాడు.

మైకులో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమయ్యా, పడిందన్నాను."

మా ఆయన దగ్గరికి పాకాడు. నాన్న చేతిని పక్కకి నెట్టి, కొక్కేన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, గట్టిగా గుంజాడు. "చూశాను" అన్నాడు.

"పడిందని చెప్పాను కదా. నా మాట నమ్మవా?"

"నమ్మను మామయ్యగారూ."

నీళ్ళలో డైవర్లు కూడా ఒక్క క్షణం కదలడం మానేశారు. ఆ తర్వాత పరీక్ష అయ్యేదాకా నాన్న "పడింది" అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అల్లుడు మాత్రం ప్రతి కొక్కేన్నీ గుంజాడు.

సూటు విప్పాక, చెమటకి తడిసిన తలతో బెంచీ మీద కూర్చున్న నాన్న నన్ను చూడగానే కస్సుమన్నాడు. "నీ మొగుడికి బొత్తిగా మర్యాద లేకుండా పోయింది. అందరూ వింటుండగా నమ్మనంటాడా?"

"అందుకే నిన్ను అతనితో పంపిస్తున్నాను నాన్నా."

నవ్వుతూ అందామనుకున్నాను కానీ నవ్వు రాలేదు. నాన్న నా మొహంకేసి చూసి, పక్కకి జరిగి బెంచీ మీద నాకు చోటిచ్చాడు.