అద్దాల పెట్టెలో అమ్మ మూట

మ్యూజియంలో దయ్యాల ప్రదర్శనకి టిక్కెట్టు తీసుకుని కల్సోమ్ గబగబా లోపలికి నడిచింది. వెనక నుంచి కౌంటరు దగ్గరి అమ్మాయి, "పెద్దమ్మా, గుండెజబ్బున్నవాళ్ళు వెళ్ళకూడదండీ, బోర్డు చూశారా?" అని అడిగింది. గుండెజబ్బు సంగతి దేవుడెరుగు, అసలు గుండె ఉన్నచోట ఉందో లేదో కూడా తెలియకుండా ఉంది కల్సోమ్‌కి.

ఇంటి దగ్గర నలభై మూడు రోజులుగా ఆమె తల్లి చావడం లేదు.

మాట కటువుగానే ఉంది. కానీ దీన్ని మెత్తగా చెప్పే దారి లేదు. మంత్రసాని రుబియాకి ఎనభై ఒకటో ఏడు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, నోట మాట పోయింది. ఇప్పుడు తిండి కూడా ఆగిపోయింది. చెంచాడు నీళ్ళు పోస్తే సగం బుగ్గ మీదికే కారిపోతాయి. వీపంతా పుళ్ళు. ఊపిరి మాత్రం కట్టె కోసే రంపంలా పగలూ రాత్రీ లాగుతూనే ఉంది. డాక్టరొచ్చి చూసి, ఈవిడ ఇంకా ఎలా ఉందో నాకే అంతుపట్టడం లేదన్నాడు. ఊరివాళ్ళకి మాత్రం మొదటి వారంలోనే అంతుపట్టింది. కువాలా పిలా చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటివి డాక్టర్ల కంటే ముందు ఊరికే తెలుస్తాయి.

"మీ అమ్మ దగ్గర ఉన్నదాన్ని ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. అప్పటిదాకా ఆవిడ పోలేదు, అది పోనివ్వదు" అన్నాడు భూతవైద్యుడు దోలా.

ఉన్నది అంటే సాకా. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగుతూ వచ్చే దయ్యం. వాళ్ళ వైపు ఇల్లూ పొలమూ ఆడపిల్లలకే వస్తాయి, మగపిల్లలు చేతులు ఊపుకుంటూ పోవాల్సిందే. ఆస్తి ఎటు పోతే దయ్యమూ అటే పోతుంది కదా మరి. రుబియాకి ఇద్దరూ కూతుళ్ళే. పెద్దది కల్సోమ్, చిన్నది జవియా.

రుబియా చేతిలో నాలుగు వందల కాన్పులయ్యాయి, ఒక్క తల్లీ పోలేదు. అంత మంచి హస్తవాసి మనిషికి ఉంటుందా, వెనకాల ఏదో ఉండే ఉంటుందని ఊరంతా గుసగుసలాడింది. వంటింటి దూలం మీద పసుపుగుడ్డలో చుట్టి పెట్టుకున్న వెదురుగొట్టం ఆ గుసగుసలకి సాక్ష్యమైంది. రుబియా ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆవిడకి అహంకారం ఎక్కువ. అడ్డమైనవాళ్ళకీ నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా అనుకునే రకం. పిల్లలు ఆ దూలం వైపు చెయ్యి చాపితే మాత్రం వాతలు పెట్టేది.

పక్షవాతం వచ్చి ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, పాతవస్తువుల కోసం మ్యూజియం వాళ్ళు ఊళ్ళు తిరుగుతూ వచ్చారు. కల్సోమ్ నిచ్చెన వేసుకుని ఎక్కి, కళ్ళు మూసుకుని ఆ మూట తీసి ఇచ్చేసింది. కాగితం మీద సంతకం పెట్టింది. తన కోసం కాదు. అప్పటికి ఆమె కూతురు ఇర్దినాకి పద్నాలుగేళ్ళు. అమ్మ పోతే అది తన మీదికొస్తుంది, తన తర్వాత పిల్ల మీదికి. తల్లి ఏం చెయ్యాలో అదే చేశానని తనకి తాను నచ్చజెప్పుకుంది. ఈ సంగతి తెలిసి జవియా ఆసుపత్రి వరండాలోనే అక్కతో గొడవపడింది. "అమ్మ బతికుండగానే అమ్మ సొత్తు బయట పడేస్తావా? నువ్వు మనిషివేనా?" అంది. "అంత ప్రేమ కారిపోతుంటే నువ్వే పుచ్చుకోవే దాన్ని" అంది కల్సోమ్, చెల్లెలి అత్తగారు వింటూండగా. ఆర్నెల్లు తిరగకుండా జవియా కాపురం విడిపోయింది. నాలుగేళ్ళ కూతుర్ని మొగుడి దగ్గరే వదిలేసి మువార్ వెళ్ళి ఒక బట్టలషాపులో కుట్టుపనికి చేరింది. అక్క ఫోను ఎత్తలేదు. తన నోటిదూల వల్లే చెల్లి బతుకు బుగ్గయిందని కల్సోమ్‌కి తెలుసు. అమ్మ మంచాన పడి పోతోందని కబురు చెయ్యడానికి కూడా ఆమెకి ముఖం చెల్లలేదు.

దోలా రెండు దారులు చెప్పాడు. మూట తెచ్చి ఇస్తే నది మొగలో వదిలేస్తాడు. తేలేకపోతే దాని ఎదుట నిలబడి, పుచ్చుకున్నానని మూడుసార్లు అనాలి. అలా అంటే మీ అమ్మకి విడుదల, నీకు బంధం, నీ తర్వాత నీ కూతురికి. ఆలోచించుకో అన్నాడు.

దయ్యాల ప్రదర్శన కిటకిటలాడుతోంది. బడిపిల్లలు గుంపులు గుంపులుగా ఉన్నారు. ఒక మూల ఫ్యాను గాలికి తెల్లగుడ్డలూ పొడుగు జుట్టూ ఎగురుతూ, కాన్పులో చచ్చి దయ్యమైన పొంతియానాక్ బొమ్మ నిలబడి ఉంది. ఎక్కడినుంచో టేపులో నవ్వు వస్తోంది. ఒక్క ఆడమనిషి కూడా అలా కాకూడదనే కదా మా అమ్మ యాభై ఏళ్ళు వర్షంలో లాంతరు పట్టుకుని తిరిగిందని కల్సోమ్‌కి ఒళ్ళు మండింది. ఆ బొమ్మ భుజం మీద చెయ్యి వేసి ఇద్దరు పిల్లలు ఫోటో దిగుతున్నారు.

మూట ఆఖరి గదిలో ఉంది. అద్దాల పెట్టెలో, ఎర్రదీపం కింద. పసుపుగుడ్డ సగం విప్పి పరిచారు, మధ్యలో వెదురుగొట్టం. కింద బోర్డు: ఒక మంత్రసాని తరతరాలుగా పెంచిన దయ్యం పాత్ర.

"ఇందులో ఉంటదంటావా?" అంది ఒక బడిపిల్ల.

"ఉంటే నిన్నే పట్టుద్ది, రాత్రిళ్ళు అన్నం ఎక్కువ తింటావుగా" అంది పక్కది. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు.

మూట తిరిగి ఇవ్వమని అంతకుముందే ఆఫీసులో అడిగి చూసింది కల్సోమ్. దరఖాస్తు పెట్టాలి, కమిటీ చూడాలి, ప్రదర్శన ఇంకా రెండు నెలలుంది అన్నారు. రెండు నెలలు. అమ్మ వీపు మీద పుళ్ళు గుర్తొచ్చాయి. ఇంక ఒకటే దారి. ఆమె అద్దానికి నుదురు ఆనించింది. ఇర్దినా ముఖం కళ్ళముందు నిలబడింది. క్షమించవే తల్లీ అనుకుంది. కళ్ళు మూసుకుని అంది.

"పుచ్చుకున్నాను. పుచ్చుకున్నాను. పుచ్చుకున్నాను."

ఏమీ కాలేదు. ఒళ్ళు బరువెక్కలేదు, దీపం ఆరలేదు. టేపులో నవ్వు మొదటినుంచి మళ్ళీ మొదలైంది. కల్సోమ్ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

"అమ్మా, లేవండి. ఇలా అద్దం మీద పడకూడదండీ." వంగి లేపుతున్నది మ్యూజియం ఉద్యోగి. పేరు షహ్రిజాన్ అని చొక్కా మీద ఉంది. ముప్పై దాటని మనిషి. ఆమె తెరలు తెరలుగా చెప్పిందంతా విని, తన గదికి తీసుకెళ్ళి, తీపి టీ ఇప్పించి, బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు.

"ఇది మీరిచ్చినదేనా?"

"నేనే. నా చేతులు విరగ."

"మేం దాన్ని అప్పుడే విప్పి శుభ్రం చేశామండీ. లోపల ఏముందో రాసిపెట్టాం. మీకెవరూ చెప్పలేదా?"

ఫోటో ఆమె ముందు పెట్టాడు. తెల్లకాగితం మీద ఎండు చింతపండు ముక్కల్లాంటివి రెండు. రెంటినీ కలిపి ఒకే నల్లదారంతో చుట్టారు. పక్కన చిన్న కాగితం, దాని మీద అరబ్బీని పోలిన జావీ అక్షరాల్లో రెండు పేర్లు. అది అమ్మ చేతిరాత. కల్సోమ్. జవియా.

"బొడ్డుతాళ్ళండీ" అన్నాడతను. "మా అమ్మ కూడా కట్టింది, మేం అయిదుగురం."

కల్సోమ్‌కి తెలియని ఆచారమా అది. బొడ్డూడిన ముక్కల్ని ఎండబెట్టి అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ కలిపి కడితే పెద్దయ్యాక కొట్టుకోరు, విడిపోరు. ఊళ్ళో అందరి పిల్లలవీ కట్టి ఇచ్చింది అమ్మే. మరి మావెక్కడున్నాయని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగాలని తోచలేదు.

"మరి బోర్డు మీద దయ్యమని రాశారేం నాయనా?"

అతను తల వంచుకున్నాడు. "ఇచ్చినవాళ్ళు కాగితంలో ఏం చెప్తే అదే బోర్డు మీద వేశారండీ. మీరే సాకా అని సంతకం పెట్టారు. పైగా, బొడ్డుతాళ్ళు చూడ్డానికి జనం టిక్కెట్టు కొంటారా?"

కోప్పడడానికి కూడా ఆమెకి ఓపిక లేదు. అమ్మ సాకా కోసం ఆగలేదు. చిన్న కూతురి కోసం ఆగింది. ఇంత చిన్న సంగతి తెలుసుకోలేక నలభై మూడు రోజులు ఆ ముసలి ప్రాణాన్ని మంచం మీద రంపపుకోత కోయించాను అనుకుంది. తన నంబరు చూస్తే జవియా ఎత్తదని షహ్రిజాన్ ఫోను అడిగి తీసుకుంది.

"ఎవరండీ?"

"నేనే, అక్కని. పెట్టెయ్యకు."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. "అమ్మ పోయిందా?"

"లేదు. పోలేకపోతోంది. నలభై మూడు రోజులైంది."

"నలభై మూడు రోజులకా నేను గుర్తొచ్చింది నీకు?"

"తర్వాత తిట్టు, కొట్టు, పడతాను. ముందు ఈ మాట విను. ఆ గొట్టంలో దయ్యం లేదే జవీ. మన బొడ్డుతాళ్ళు ఉన్నాయి. నీదీ నాదీ కలిపి కట్టింది అమ్మ. మన పేర్లు రాసి ఉన్నాయి. ఫోటో నా ఎదురుగానే ఉంది."

ఏడుస్తుందనో తిడుతుందనో ఎదురుచూసింది కల్సోమ్. చివరికి వచ్చిన గొంతు చాలా చిన్నగా ఉంది.

"నేను పుచ్చుకున్నానే అక్కా."

"ఏమిటి?"

"ఆసుపత్రిలో. నీతో గొడవపడ్డ రోజే. లోపలికెళ్ళి అమ్మ చెవిలో, నీ దగ్గరున్నది నాకిచ్చెయ్, నేను పుచ్చుకుంటున్నానని చెప్పా. ఇర్దినాని తలుచుకుని నువ్వు అంత హడలిపోతున్నావు గదా, పోనీ నాతో పోతుందిలే అనుకున్నా. అమ్మ తల అడ్డంగా ఊపి ఏడ్చింది. నామీద జాలితో ఏడుస్తోందనుకున్నా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "అది తగలకూడదని పిల్లని వాళ్ళ నాన్న దగ్గరే వదిలేసి నేనే వచ్చేశా. నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. ఇప్పుడా పిల్ల ఫోన్లో నన్ను ఆంటీ అంటోంది. గురువారం గురువారం పసుపన్నం వండి, గుడ్డు పెట్టి, వేలు గుచ్చి చుక్క నెత్తురు వేస్తున్నా. మూడేళ్ళు. నేను తిండి పెట్టింది దేనికే అక్కా?"

కల్సోమ్ ఫోటోలోని నల్లదారం మీద వేలు పెట్టింది.

"నేను బయల్దేరుతున్నా. మూడు గంటలు పడుతుంది" అంది జవియా. ఆ గొంతు ఇప్పుడు గట్టిపడింది. "అమ్మని చూడాలి. ఆ రోజు తల ఊపి నాకు చెప్పబోయిందేదో ఇప్పుడు తెలిసింది, ఆ మాట ఆమెకి చెప్పాలి. నేనొచ్చేదాకా అమ్మని ఉంచు. ఇంకేం చేస్తావో నాకు తెలీదు, ఉంచు."

కల్సోమ్ వెంటనే ఇంటికి ఫోను చేసింది. అమ్మ దగ్గర కూర్చున్న పక్కింటి లీజా అత్త ఎత్తింది. ఆమె గొంతులో ఎన్నాళ్ళుగానో లేని తేలిక వినిపించింది.

"పుచ్చుకున్నావు గదూ? నాకప్పుడే తెలిసిపోయింది. అరగంట బట్టి రంపం ఆగింది. ఊపిరి మెత్తబడింది, పాదాలు చల్లబడుతున్నాయి. ముఖం చూడాలి, చంటిపిల్లలా ఉంది. ఇంక ఎంతోసేపు పట్టదులే అమ్మా, నువ్వు నెమ్మదిగా రా."

"వద్దత్తా. అమ్మని ఆపు."

"ఆపేదేమిటే?"

"జవియా వస్తోంది. చిన్నది వస్తోందని చెవిలో చెప్పు. చెబుతూనే ఉండు. కాళ్ళు రుద్దు, పేరు పెట్టి పిలువు, ఏదో ఒకటి చెయ్యి."

"మతి పోయిందా నీకు? ఇప్పటికి పాపం దానికి కాస్త సుఖం దొరికింది. మళ్ళీ వెనక్కి లాగమంటావా? ఎవరైనా ఆ పని చేస్తారా?"

"చెయ్యత్తా. నీ కాళ్ళు పట్టుకుంటా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కల్సోమ్ దువా చదవబోయింది. నలభై మూడు రోజులుగా అలవాటైన నోరు కదా, తీసుకెళ్ళిపో అనే మాటే ముందు వచ్చింది. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్ని ఆపుకుంది. మువార్ నుంచి బస్సు ఈపాటికి బయల్దేరిందో లేదో తెలియదు. మూడు గంటలు, దేవుడా, ఒక్క మూడు గంటలు అమ్మని అలాగే ఉంచు, పుళ్ళతోనే ఉంచు, రంపంతోనే ఉంచు అని దారి పొడుగునా వేడుకుంటూనే ఉంది.