రెండో తివాచీ

ఇస్ఫహాన్ దర్బారులో మనిషి విలువ తెలుసుకోవడానికి ముఖం చూడక్కర్లేదు. కాళ్ల కింద చూస్తే చాలు. పర్షియా రాజు షా కూర్చునే గద్దె ముందు వరసగా తివాచీలు పరిచి ఉంటాయి. మొదటిదాని మీద వజీరూ సేనాధిపతీ, రెండోదాని మీద పెద్ద ఖానులూ, మూడోదాని మీద మిగతా ఉద్యోగులూ నిలబడతారు. ఆ తర్వాతివాళ్లకి పాలరాయే గతి. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని, షా లేచేదాకా నిలబడడమే కొలువు.

బీజన్ బేగ్ నిలబడేది మూడో తివాచీ కుచ్చుల మీద. వేళ్లు ఉన్ని మీదా, మడమలు రాతి మీదా.

అతను పుట్టింది ఉత్తరాన కొండల దేశం జార్జియాలో. అసలు పేరు జాజా. తండ్రి అతన్ని చిన్నప్పుడే రెండు డేగలతోనూ ఒక గుర్రంతోనూ కలిపి షాకి కానుకగా పంపాడు. డేగలు ఎగిరిపోయాయి, గుర్రం చచ్చిపోయింది. జాజా మాత్రం కొత్త పేరూ, కొత్త మతమూ, నడుము విరిగేలా వంగే సలామూ నేర్చుకుని బీజన్ బేగ్ అయ్యాడు. షా తుమ్మితే అందరికన్నా ముందు దీవించేది అతనే. ఒక్కోసారి తుమ్ముకన్నా ముందే దీవిస్తాడని గిట్టనివాళ్లు అనేవారు. జార్జియావాళ్లకి ద్రాక్షసారా సంగతులు ఉగ్గుపాలతోనే అబ్బుతాయని దర్బారులో నమ్మకం. అందుకని షా తాగే సారా నిలవుంచే షరాబుఖానా అతనికి అప్పగించారు. నిజానికి గుక్కెడు తాగితే అతనికి గుండెల్లో మంట. ఆ సంగతి భార్య హొరేషాన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

అతనికి ఉన్నది ఒకటే కోరిక, రెండో తివాచీ.

ఆ వసంతంలో షా ఒక విందులో తాగి తోటలో కొలనులో పడ్డాడు. పైకి లాగాక ఆయనకి పశ్చాత్తాపం కలిగింది. రాజ్యంలో సారా చుక్క కనిపించకూడదు, జాడీలన్నీ పగలగొట్టండి, అన్నాడు.

షాకి పశ్చాత్తాపం కలగడం ఇస్ఫహాన్‌కి కొత్త కాదు. అది పడిశంలాంటిది, వస్తుంది, పోతుంది. అప్పుడు ఏం చెయ్యాలో షరాబుఖానా ఊడ్చేవాడికి కూడా తెలుసు. ఖాళీ జాడీలూ పులిసిపోయిన సరుకూ మైదానంలోకి తెచ్చి, ముల్లాలు చూస్తుండగా బాగా చప్పుడయ్యేలా పగలగొట్టాలి. మంచి సరుకు నేలమాళిగలో పెట్టి తాళం వేసి, తాళంచెవి సంగతి మరిచిపోవాలి.

బీజన్ బేగ్ బుర్రకి మాత్రం వేరే ఆలోచన తట్టింది. అందరూ పైపైన చేసే పని తను నిఖార్సుగా చేస్తే? షా కంటిలో పడడానికి ఇంతకన్నా మంచి సందర్భం వస్తుందా?

షిరాజ్ నగరం నుంచి వచ్చిన జాడీలు పగిలాయి. జార్జియా నుంచి తోలు తిత్తుల్లో వచ్చింది పారింది. మైదానం పక్క కాలవ ఎర్రగా పొంగితే ఆ నీళ్లు తాగిన గాడిదలు బజారులో తూలుతూ తిరిగాయి. వేట డేగల అధికారి జుల్ఫకార్ ఖాన్ కూడా రెండో తివాచీ మీదే కన్నేసినవాడు. ఆయన మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"అన్నీ పగలగొట్టేశావా బేగ్?"

"అన్నీ, ఖాన్ గారూ. ఏలినవారి మాటంటే మాటే."

"శభాష్! నీలాంటి నమ్మకస్థుణ్ణి నేను చూడలేదు," అని ఖాన్ అతని భుజం తట్టి, నవ్వు ఆపుకోలేక గబగబా వెళ్లిపోయాడు.

బీజన్ బేగ్ అదే ఊపులో గునపం పట్టుకుని ఇంటి పెరట్లోకి వచ్చాడు. అక్కడ దానిమ్మ చెట్టు పక్కన మెడదాకా పాతిన బాన ఒకటి ఉంది. కూతురు అనూకా పుట్టినప్పుడు ద్రాక్షరసం నింపి, మూత మీద మట్టి మెత్తి, బండ పెట్టారు. జార్జియా ఇళ్లలో ఆడపిల్ల పుట్టుకకి పాతిన బాన పెళ్లికే తెరుస్తారు. అనూకా పెళ్లి మల్బరీ పళ్లు పండే వారంలో.

హొరేషాన్ పిండిచేతులతో వచ్చి బండ మీద కూర్చుంది.

"లే," అన్నాడు.

"ముందు నన్ను పగలగొట్టు."

"షా ఆజ్ఞ! తెలిస్తే తల పోతుంది."

"ఆ తలలో ఏముందని షా తీసుకుంటాడు? ఖాళీ జాడీలు పగలగొట్టి రమ్మంటే నిండువి పగలగొట్టి వచ్చినవాడివి. వీధి వీధంతా మాళిగలకి తాళాలేసుకుని నిన్ను చూసి నవ్వుతున్నారు, తెలుసా?"

"వాళ్లు ఆజ్ఞ ధిక్కరించారు."

"వాళ్లు షాని ఎరిగినవాళ్లు. నువ్వు షా మాట ఎరిగినవాడివి. ఇన్నేళ్ల కొలువులో నేర్చుకున్నది ఇదా, జాజా?"

భార్య జాజా అని పిలిచిందంటే ఇక వాదన లేదని అర్థం. బీజన్ బేగ్ గునపం గోడకి ఆనించాడు. ఆ రోజు నుంచి దర్బారులో ఎవరు తన వైపు చూసినా పెరటి బానవైపు చూస్తున్నట్టే ఉండేది.

పశ్చాత్తాపం మల్బరీలు రంగు తిరిగేదాకా నిలిచింది. అప్పుడు షా మేనత్త పెద్దబేగంకి కడుపులో వాయువు పట్టుకుంది. హకీం నాడి చూసి, ముదురు ద్రాక్షసారా తప్ప మందు లేదన్నాడు. షా రుచి చూసి ఇస్తే తప్ప తాగనని పెద్దబేగం పట్టుబట్టింది. మేనత్త ప్రాణం కోసం షా ఎంతకైనా సిద్ధపడ్డాడు.

"బీజన్ బేగ్ ఏడీ?"

బీజన్ బేగ్ ముందుకొచ్చి నేలని ముద్దు పెట్టుకున్నాడు. "ఏలినవారి ఆజ్ఞ ప్రకారం షరాబుఖానాలో ఒక్క చుక్క కూడా లేదు."

"ఒక్క చుక్క కూడా?" షా గొంతు చిన్నపిల్లాడిదైంది.

"గచ్చు కూడా కడిగించాను, ప్రభూ."

దర్బారంతా తలలు వంచుకుంది. అక్కడున్న ప్రతివాడి ఇంట్లోనూ మూడు తరాలకి సరిపడా మందు ఉంది. ముందు బయటపడేవాడు తను కాకూడదని ప్రతివాడూ తివాచీ మీది పువ్వులు చూస్తూ నిలబడ్డాడు.

"పగలగొట్టమన్నాను సరే. ఏమీ మిగల్చవద్దన్నానా?" అన్నాడు షా. "సాయంత్రంలోగా మందు రాకపోతే నీ చోటు నేను వేరేవాడికిస్తాను." అంటూ జుల్ఫకార్ ఖాన్ వైపు చూశాడు. ఖాన్ అప్పుడే కుచ్చుల కొలత తీసుకుంటున్నట్టు కిందికి చూశాడు.

ఇంట్లో హొరేషాన్ పెళ్లి మిఠాయికి అక్రోటు పప్పు దండలు గుచ్చుతోంది. సంగతంతా విని దారం కొరికింది.

"బాన ఇస్తే దాచావని తంతారు. ఇవ్వకపోతే లేదని తంతారు. ఏ తన్నులు మెత్తగా ఉంటాయో నువ్వే చూసుకో."

"తన్నులు సరే. నా చోటు పోతుందే!"

హొరేషాన్ దండ పక్కన పెట్టింది. "పిల్ల పెళ్లి సంగతి అడుగుతావేమో అనుకున్నాను."

గుమ్మంలో నిలబడ్డ అనూకా అంది, "తీసుకెళ్లు నాన్నా. పెళ్లిలో దానిమ్మ షర్బత్ పోద్దాం. మా అత్తగారు ఏడాది పాటు దెప్పుతుంది, అంతేగా? నువ్వు మాత్రం పక్కన నిలబడు. పెళ్లికూతురి చెయ్యి అందించాల్సింది నువ్వే."

"నిలబడనా తల్లీ! నిలబడడం తప్ప నాకేం వచ్చు?" అన్నాడు బీజన్ బేగ్, అప్పటికే గునపం కోసం వెతుకుతూ.

షా మొదటి గుక్క రుచి చూశాడు. రెండోది నిర్ధారణ కోసం, మూడోది మేనత్త మీది ప్రేమతో. కళ్లు మూసుకుని పెదవులు చప్పరించాడు.

"ఇంత మంచిది ఎక్కడిది?"

"మా పెరట్లోది, ప్రభూ. కూతురి పెళ్లికని..."

"అంటే దాచాడన్నమాట!" అన్నాడు జుల్ఫకార్ ఖాన్, అంత నీతి తనలో ఉందని తనకే ఇప్పుడు తెలిసినట్టు. "ఏలినవారి ఆజ్ఞ ఉండగా!"

షా తల పంకించాడు. న్యాయం న్యాయమే. దాచినందుకు అరికాళ్ల మీద బెత్తం దెబ్బలు, పెద్దబేగం ప్రాణం కాపాడినందుకు జరీ అంగీ, రెండో తివాచీ మీద చోటు. అన్నీ ఈ రోజే.

మర్యాదల అధికారికి చిక్కొచ్చిపడింది. "ముందు అంగీ తొడిగితే, రాజుగారి అంగీలో ఉన్నవాణ్ణి కొట్టకూడదు, ప్రభూ. ముందు కొడితే, లేచి నిలబడి అంగీ అందుకోలేడు."

"లేస్తాడు. ఏం బేగ్?" అన్నాడు షా.

"ఏలినవారి దయ," అన్నాడు బీజన్ బేగ్.

నిజంగానే లేచాడు. బెత్తం దెబ్బలకి అరికాళ్లు రొట్టెల్లా ఉబ్బినా, జరీ అంగీ తొడిగించుకుని తన కాళ్ల మీదే నడిచి రెండో తివాచీ ఎక్కాడు. దూరం నుంచి అది ఎంత మెత్తగా కనిపించేదో! ఎక్కాక తెలిసింది, అది పట్టులో బంగారు తీగ కలిపి నేసింది. తీగలు ముళ్లలా గుచ్చుకున్నాయి. వెనక మూడో తివాచీ ఉన్ని మీద జుల్ఫకార్ ఖాన్ హాయిగా నిలబడి ఉన్నాడు.

పెద్దబేగం కోలుకుంది గాని, ఆ జబ్బు ఊరంతా అంటుకుంది. ఖానులకీ వజీరుకీ వరసగా వాయువు పట్టింది. మాళిగల తాళంచెవులు దొరికాయి. షా మందు సమయాలు పొడుగయ్యాయి. ఆయన మందు తాగినంతసేపూ కొలువు నిలబడాలి.

అనూకా పెళ్లిరోజు పొద్దున్నే కబురొచ్చింది. షా దర్బారులో కూర్చున్నారు, అంగీ పొందినవాళ్లు తప్పక రావాలి.

"ఒక్క మాట అడిగి వచ్చెయ్యి," అంది హొరేషాన్. "కూతురి పెళ్లంటే షా మాత్రం పొమ్మనడా? మధ్యాహ్నందాకా ఆపుతాం." అతని కాళ్లకి మేజోళ్లు తొడుగుతూ ఆమె పైకి చూడలేదు.

మధ్యాహ్నం అయింది. షా మూడో గిన్నెలో ఉన్నాడు, మనసు వెన్నలా ఉంది. ఆయన చూపు బీజన్ బేగ్ మీద పడింది.

"బేగ్, ముఖం అలా ఉందేం? ఏమైనా కావాలా? అడుగు."

దర్బారు చెవులు రిక్కించింది. ఇంటి దగ్గర వాకిట్లో పెళ్లివారు ఎండలో నిలబడి ఉంటారు. అనూకా గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. బీజన్ బేగ్ నోరు తెరిచాడు. పక్కచూపుకి జుల్ఫకార్ ఖాన్ కనిపించాడు. ఖాన్ అప్పటికే ఒక కాలు ఎత్తి, బంగారు తీగల అంచు మీద మెల్లగా ఆనించి చూస్తున్నాడు.

"ఏలినవారి దయవల్ల నాకేం తక్కువ, ప్రభూ," అన్నాడు బీజన్ బేగ్, మడమలు గట్టిగా అదిమి.