మంద కుక్క

కుక్కను ఏరింది భువనే. ఆ సంగతి ఇంట్లో వాళ్లు ఆమెకు గుర్తు చేయని పూట లేదు కాబట్టి ముందే చెప్పేసుకోవడం మంచిది.

ఆలూరు దగ్గర ఒక పల్లెకు బయట, చేలో కట్టుకున్న ఇల్లు వాళ్లది. చుట్టూ కంపచెట్ల కంచె, ముందర ఒక ఇనప గేటు, ఎటు చూసినా నల్లరేగడి. భర్త చంద్ర, అత్త గిడ్డమ్మ పొద్దున్నే చేలోకి దిగితే ఇంట్లో మిగిలేది భువన, పుట్టింటి నుంచి ఐదో నెలలో తెచ్చుకున్న చంటిపాప. పాములున్నాయి, నక్కలున్నాయి, దారిన పోయేవాళ్లున్నారు, పసిబిడ్డ ఉన్న ఇంటికి కుక్క ఉండాల్సిందేనని తల్లీకొడుకులు తీర్మానించారు. ఎలాంటి కుక్క అన్న దగ్గరే ఇద్దరికీ పొసగలేదు. కర్నూలులో స్నేహితుడి ఇంట్లో చూసిన పెద్ద తలకాయ జాతి కుక్క మీద చంద్రకు మోజు. "దానికి మాంసం పెట్టి మనం పస్తులుండాల్నా?" అంది గిడ్డమ్మ. చివరికి గొర్రెల ఓబులేసు మంద దగ్గర కుక్కలున్నాయని తెలిసి, పాపను ఎత్తుకుని ముగ్గురూ అక్కడికి పోయారు.

కుక్కపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. చంద్ర ఒకదాన్ని మెడ దగ్గర పట్టి లేపి అరుస్తుందా లేదా అని చూస్తున్నాడు. గిడ్డమ్మ ఇంకొకదాని కాలి గోళ్లు లెక్కపెడుతోంది. భువనను ఎవరూ ఏమీ అడగలేదు. చేతులు నొప్పి పుట్టి ఆమె పాపను ఓబులేసు గొంగడి మీద పడుకోబెట్టింది. అప్పుడు మంద పక్క నుంచి బూడిద రంగు పెద్ద కుక్క ఒకటి లేచి వచ్చింది. పాప పాదం వాసన చూసింది. గొంగడి అంచున గట్టు వేసినట్టు అడ్డంగా పడుకుంది. ఒక గొర్రెపిల్ల గెంతుతూ దగ్గరకొస్తే మూతితో పక్కకు నెట్టింది.

"ఇది" అంది భువన.

"ముదురు కుక్కను ఎవరైనా తెచ్చుకుంటారా?" అన్నాడు చంద్ర. కానీ గిడ్డమ్మకు అది కూడా నచ్చింది, పెంచే బాధ లేదు కదా. "సరే, నువ్వు చెప్పిందే కానీ" అన్నారు. పెళ్లైన తర్వాత ఆ ఇంట్లో భువన చెప్పింది చెప్పినట్టు జరగడం అదే మొదలు. ఆమెకు ఎంత సంతోషమేసిందంటే, దారి పొడుగునా పాపతో ఒకటే మాటలు. చంద్ర మాత్రం ఓబులేసుకు దుడ్లిచ్చి, కాసేపు మాట్లాడి, కుక్కను తాడుతో పట్టుకుని వెనకగా వచ్చాడు.

దానికి బూదోడు అని పేరు పెట్టారు. బూదోడు వచ్చిన రోజు నుంచి ఉయ్యాల కింద చోటు వాడిదే. పాప ఏడిస్తే భువన కంటే ముందు లేస్తాడు. చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లాలన్నా గిడ్డమ్మకు ఇప్పుడు భయం లేదు. ఊళ్లో కనపడిన వాళ్లకల్లా కుక్క గొప్పలు చెప్పుకునేది.

చిక్కంతా గేటు దగ్గర మొదలైంది.

ఊళ్లో బస్సులు ఆగే చోట నన్నీ బీ కుట్టు దుకాణం ఉంది. భువన కడప పక్క పిల్ల. పెళ్లికి ముందే కుట్టు నేర్చుకుంది, ముఖ్యంగా గుడ్డ కత్తిరించడంలో మంచి చేయి. సాయంత్రం పాపను చంకనేసుకుని అక్కడికి పోతే, నన్నీ బీ దూలానికి చీర ఉయ్యాల కట్టి పాపను అందులో వేసేది. "తిన్నావా బేటీ?" అని అడిగేది. అత్తగారింటికి వచ్చాక ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. మిషన్ ముందు కూర్చున్నంతసేపు తన చేతులు తనవేనని అనిపించేది భువనకు. చంటిబిడ్డతో ఊరి మీద తిరగడమేమిటని గిడ్డమ్మ మూతి ముడుచుకునేది గానీ, వద్దనడానికి సరైన కారణం దొరకక ఊరుకునేది.

కుక్క వచ్చాక మొదటిసారి బయల్దేరినప్పుడు బూదోడు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. భువన నవ్వి, పక్కకు జరగరా అని మోకాలితో నెట్టింది. వాడు చీర కుచ్చిళ్లు పంటితో పట్టుకుని వెనక్కి లాగాడు. మరునాడు గట్టిగా అడుగు వేయబోతే, కళ్లలోకి చూస్తూ గుర్రుమన్నాడు. పాపను ఉయ్యాల్లో వేసి ఒట్టి చేతులతో వస్తే మాత్రం తోక ఊపి దారిచ్చాడు. ఒక్కతే అయితే ఆమె ఎంత దూరమైనా పోవచ్చు. పాలు తాగే బిడ్డను వదిలి ఎంత దూరం పోతుంది? గేటు బయట నాలుగు అడుగులు వేసి, పాప ఏడుపు వినపడి, మళ్లీ లోపలికే వచ్చింది.

"ఆ కుక్క నన్ను బయటికి పోనీడంల్యా" అంది ఆ రాత్రి అన్నం పెడుతూ.

చంద్ర నవ్వాడు. "నువ్వు ఏరుకున్న కుక్కే కదా. పాప అంటే దానికి అంత ప్రాణం."

"తెల్లారి నువ్వు ఒకసారి పాపను ఎత్తుకొని గేటు దాటి చూడు."

"నేను యాడికి ఎత్తకపోతా పాపను? నాకు పని లేదా?"

అది నిజమే. ఆ ఇంట్లో పాపను ఎత్తుకుని బయటికి పోవాల్సిన మనిషి భువన తప్ప ఇంకొకరు లేరు. అందుకే ఆమె బాధ ఎవరికీ పట్టలేదు. కట్టేసి చూసింది. తాడు తెగేలా గుంజుకుంటూ వాడు మొత్తుకుంటే గిడ్డమ్మ చేలోంచి పరుగున వచ్చి విప్పేసింది. "కాపలా కుక్కను కట్టేస్తావా? పాము వచ్చిందనుకో, నువ్వు అరుస్తావా?" అని తిట్టింది. అంతటితో ఆగక, "మా కోడలు గేటు దాటల్లంటే బూదోడు పర్మిషన్ ఇయ్యాల" అని ఊరంతా చెప్పుకుని నవ్వింది. వద్దనడానికి కారణం దొరకని మనిషికి కారణం తోక ఊపుకుంటూ ఇంటికే వచ్చింది మరి.

భువనకు కుక్క మీద కోపం వచ్చేది. ఉయ్యాల కింద పడుకున్న వాడి ముఖం చూస్తే ఆ కోపం నిలిచేది కాదు. కపటం తెలియని ముఖం అది. ఇంత ప్రేమగా తనను కట్టిపడేసిన వాడిని ఏమని తిట్టాలి? పగలంతా గేటు ఊచల్లోంచి మట్టి దారి చూస్తూ, పోయే బస్సు మోత వింటూ కూర్చునేది.

అలా ఉండగా నన్నీ బీ కబురు పంపింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని వచ్చింది, కత్తిరించే చేయి కావాలి, నీకోసం ఒక మిషన్ ఖాళీగా పెట్టినాను, శుక్రవారం దాకా చూస్తాను, ఆ పైన ఇంకొకరిని కూర్చోబెట్టక తప్పదు అని. భువన భర్తతో చెప్పింది. "నేనేం వద్దంటినా? కుక్కే వద్దంటాంది" అని అతను ఫోను చూసుకున్నాడు. ఆ మాటలో తేలిక చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే పంట కోసేసిన చేలో ఎరువు కోసం ఓబులేసు మందను కట్టించారు. శుక్రవారం పొద్దున మంద వేరే చేనుకు కదలాలి. పాపను ఎత్తుకుని కంచె పక్కన నిలబడి భువన చూస్తోంది. ఓబులేసు ముందుకు నడిచి, తలెత్తి, గొంతు చించుకుని "హుర్ర్... హోయ్! బా, బా, బా!" అని కేకేశాడు. మంద కదిలింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒకటి అతని గొంగడి మడతలో ఉంది. కేక వినగానే బూదోడు కంచె సందులోంచి దూరి, మంద వెంట కొంతదూరం పరుగెత్తాడు. గొంగడిలోని పిల్లను చూశాడు గానీ గుర్రుమనలేదు. పాప మూలిగేసరికి వెనక్కి వచ్చేశాడు.

"ఓబులేసన్నా!" భువన కంచె మీదుగా పిలిచింది. "నీ చేతిలో గొర్రెపిల్ల ఉంటే ఏమనడంల్యా వాడు. నన్నైతే గేటు దాటనీడు."

ఓబులేసు ఆగి వింతగా చూశాడు. "కేక వేసినావామ్మా? కేక వేసి కదిల్తే మంద పోతాందని దానికి తెలుస్తాది. కేక లేకుండా పిల్లను ఎత్తుకపోయేవాడు దొంగే దాని లెక్కలో. చంద్రకు చెప్పినానే, దుడ్లిచ్చిన పొద్దే. రెండుసార్లు కేకేసి చూపిచ్చినా గూడా."

భువన కంచె కంపను ఎంత గట్టిగా పట్టుకుందో ముల్లు దిగాక గానీ తెలియలేదు. అంటే చంద్రకు తెలుసు. అన్నం ముందు కూర్చుని నవ్విన ప్రతిసారీ తెలుసు. కుక్కే వద్దంటాంది అన్నప్పుడూ తెలుసు. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది, ఇన్నాళ్లూ నోరు లేని కుక్కతో పోట్లాడినందుకు.

లోపలికి పోయి పాపకు పాలిచ్చింది. చీర మార్చుకుంది. కత్తెర సంచిలో వేసుకుంది. పాపను చంకనేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి బూదోడు అప్పటికే గేటుకు అడ్డంగా పడుకుని ఉన్నాడు.

కేక వేయాలి. అదెంత పని అనుకోవచ్చు ఎవరైనా. ఆ ఇంట్లో భువన గొంతు పొయ్యి దాటి వినపడి ఎరగదు. చేలో ఉన్న వాళ్లను అన్నానికి పిలవాలన్నా గట్టు దాకా నడిచిపోయి కొంగు ఊపేది. కోడలు పెద్దగా పిలిస్తే గిడ్డమ్మకు గిట్టదు. మొదటిసారి కేక గొంతులోనే ఆగిపోయింది. బూదోడు చెవి ఒకటి కదిలింది, అంతే. పాప ఆమె ముఖంలోకి చూసింది.

"హుర్ర్... హోయ్! బా, బా, బా!"

కంపచెట్ల మీద పిట్టలు లేచిపోయాయి. పాప ఉలిక్కిపడి, ఏడవడం మరిచిపోయి నవ్వింది. బూదోడు లేచి, ఒళ్లు దులుపుకుని, గేటు వైపు తిరిగి నిలబడ్డాడు, తీయడమే ఆలస్యం అన్నట్టు.

"ఏమే, ఆడదానివై ఆ అరుపులేంది! పాపను ఎత్తుకొని యాడికి పోతాండావు?" చేలోంచి గిడ్డమ్మ.

"నన్నీ బీ అంగడికి అత్తా. కుక్క తోడుండాది, భయమేం లేదు."

చంద్ర పార పట్టుకుని గట్టు మీదకు వచ్చాడు. అదేం కేక అని అతను అడగలేదు. భార్యను చూశాడు, కుక్కను చూశాడు, మంద పోయిన దారి వైపు చూశాడు.

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు మెల్లగా.

"నీకు చెప్పినోడే" అంది భువన.

గేటు తీసింది. ఇంకోసారి కేకేసింది. బూదోడు ముందు నడిచాడు.